స్నానాలగదికి మెరిసే పలకలా?

తెనాలి నుంచి ఒక సోదరి రాశారు. వారి అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఆడపడుచుగారింట్లో ఉన్నారు. మూడు వారాల్లో ఇంటికి వస్తారు. ఈలోగా పాత నేల తీయించి కొత్త పలకలు వేయిద్దామని ఆమె భర్త అద్దంలా మెరిసే రకం ఒకటి చూసి వచ్చారట. గది ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. "అడుగు పలకలు నలభై చాలునా?" అని ప్రశ్న.

చాలవమ్మా. అయితే లెక్కకంటె ముందు, ఆ అద్దాలను కొట్లోనే ఉంచి రమ్మని మీవారితో చెప్పండి. మెరుపు హాలుకు అందమే. కాని తలంటు నాడు నూనె, కుంకుడురసం, నలుగుపిండి అన్నీ పడే చోట అది పనికిరాదు. గరుకు రకం అడగండి. డబ్బామీద ఆర్ 10, ఆర్ 11 అని ఉంటుంది. అంకె పెరిగినకొద్దీ పట్టు ఎక్కువ. అయితే అది చెప్పులేసుకున్న కాలితో చేసే పరీక్ష. తడికాలికి వేరే గుర్తులున్నాయి: ఏ, బి, సి. వీటిలో సి గట్టిది. ఏ గుర్తూ కనబడకపోతే కొట్లో చెంబెడు నీళ్ళడిగి, పలకమీద పోసి, వట్టికాలితో నిలబడి చూడండి. కొట్టువాడు నవ్వితే నవ్వనివ్వండి.

పెద్ద పలకలకు కూడా ఆశపడకండి. చిన్న పలకలైతే సందులు ఎక్కువ, కాలికి ఆనిక ఎక్కువ. వాటంకూడా బాగా కుదురుతుంది.

ఇక లెక్క. అడుగు పలక అని పేరేగాని అది 30 సెంటీమీటర్లే; అడుగుకు అర సెంటీమీటరు తక్కువ. గోడపని పూర్తయ్యాక గోడనుంచి గోడకు కొలిస్తే సరిగ్గా ఎనిమిదడుగులే వచ్చిందనుకోండి. ఒక మూలనుంచి పేర్చుకుంటూ వస్తే ఎనిమిది పలకల తర్వాత అంగుళంలోపు సందు మిగులుతుంది. అందులో ఇరికించిన బద్ద నాలుగు నాళ్ళలో ఊడి వస్తుంది. నడిమినుంచి మొదలుపెట్టమనండి. నిలువున ఏడు నిండు పలకలు, అటూ ఇటూ సగానికి మించిన ముక్కలు. అడ్డంగా నాలుగు నిండువి, రెండు ముక్కలు. సగానికి మించినవి గనుక ఒక పలకలో రెండు ముక్కలు రావు. అంటే తొమ్మిది ఆరుల 54. విరిగేవాటికి, రేపు ఎప్పుడైనా అతుకు వేయడానికి ఆరు కలిపి 60 కొనండి. అన్నీ ఒకేసారి కొనండి. డబ్బాలమీద బ్యాచి నెంబరు ఒకటేనా అని చూసుకోండి. తర్వాత తెచ్చినవి రంగు కలవవు.

పాత నేల తవ్వాక, నీరు దిగకుండా పూత వేయించి, తూము మూసి, ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి చూడాలి. ఇక్కడ తొందరపడే మేస్త్రిని ఆపండి. తూముకేసి నాలుగడుగులకు అంగుళం చొప్పున వాటం ఉండాలి. పలకలు వేశాక రసమట్టం పెట్టి చూడటమేకాదు, బకెట్టు నీళ్ళు పోసి చూడండి. మూలలో నిలిచిన నీరే పాచికి మూలం.

విట్రిఫైడ్ పలకలైతే నీరు దాదాపు పీల్చవు. వాటికి వట్టి సిమెంటు సరిగా పట్టదు. పలకలకని అమ్మే జిగురు సిమెంటే వాడాలి. గోడలకు వేసే మామూలు పలకలను నానబెట్టినట్టు వీటిని నానబెట్టనక్కరలేదు. ఆరాక రూపాయి బిళ్ళతో ఒక్కొక్కదాన్నీ తట్టండి. బోలుగా మోగినదాన్ని అప్పుడే తీయించండి, మేస్త్రి కూలి తీసుకుని వెళ్ళకముందే.

వెనకటి ఇళ్ళలో పాలిష్ పట్టని బేతంచెర్ల, తాండూరు నాపరాళ్ళు ఉండేవి. తడిసినా కాలికి పట్టు ఇచ్చేవి. ఇప్పటికీ దొరుకుతాయి. మీ అత్తగారు ఒప్పుకుంటే అవే వేయించవచ్చును. కాకపోతే సున్నపురాయి గనుక యాసిడ్‌తో కడగకూడదు.

ఇంకొకటి. పట్టుకోవడానికి గోడకు కడ్డీ కావాలి. అది ఎంత ఎత్తున బిగించాలో మేస్త్రిని అడగకండి. ఆడపడుచుగారింటికి వెళ్ళి, మీ అత్తగారి చెయ్యి ఎక్కడికి హాయిగా అందుతుందో కొలిచి తెచ్చి, గోడ పలకలు అంటించకముందే గుర్తు పెట్టించండి.