కబాడీ త్రాసుకెక్కకముందే

భిలాయి సెక్టార్లలోని తెలుగు కుటుంబాలకు మనవి.

రిటైరైనవాళ్లు క్వార్టర్ ఖాళీ చేసే రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. మంచాలు, బీరువా లారీ ఎక్కుతాయి. అటక మీది పుస్తకాలు కబాడీవాడి త్రాసెక్కుతాయి. మొన్న వేసవిలో మా వీధి చివర అలా తూగిన కట్టలో అన్నిటికన్నా పైన ‘మాలపల్లి’ ఉంది. అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలో ఎవరి పెళ్లికో రాసిన ఆశీస్సులు ఇంకా చెదరలేదు.

ఆ నవల రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1958లో పోయారు. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి. అంటే 2019 నుంచి ‘మాలపల్లి’ని ఎవరైనా ఎన్ని ఈ-రీడర్లలోకైనా ఎక్కించి పంచుకోవచ్చు. కందుకూరి, గురజాడ, గిడుగు రచనలూ అంతే.

అందుకే అడుగుతున్నాం. మన తెలుగు సంఘాలు ఈసారి పండగ పందిరి లైటింగు కాస్త తగ్గించి అయిదు ఈ-రీడర్లు కొనాలి. ఇంటికి 15 రోజుల చొప్పున అరువివ్వాలి. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాల్వ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. మనకు పడవెందుకు, షిఫ్టుకెళ్లే టిఫిన్ సంచి చాలు.

ఫోన్లో చదవొచ్చుగా అంటారు. కళ్లాపరేషన్ అయిన మీ నాన్నగారి చేతికి ఓ అరగంట ఇచ్చి చూడండి.

కొనేముందు జాగ్రత్త. 2016లో కిండిల్ అయిదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు అందులో తెలుగు లేదు. కాపీ కాకుండా అడోబీ తాళం (డీఆర్ఎం) వేసిన ఫైలు కిండిల్లో తెరుచుకోనే తెరుచుకోదు. వేరే రీడర్లలో ఒక అడోబీ ఐడీ మీద ఆరు పరికరాల దాకా తెరుచుకుంటుంది గానీ, అది ఒక్క మనిషి కోసం పెట్టిన లెక్క, ఆరిళ్ల కోసం కాదు. కొట్లోనే ఓ తెలుగు ఈపబ్ ఫైలు తెరిపించి ‘స్త్రీ’, ‘జ్ఞానం’ ఒత్తులు విరగకుండా పడుతున్నాయో లేదో చూసుకోండి.

ఇప్పటి రచయితల సంగతి వేరు. కొన్న ఫైలును వాట్సాప్ గ్రూపులో పడేస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టే. ప్రచురణకర్తను అడిగి, డబ్బు కట్టి, కాపీకి ఒక పాఠకుడు చొప్పున వంతులవారీగా ఇద్దాం.

వచ్చే సంఘం మీటింగుకు మీ ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాల జాబితా రాసి తెండి. హక్కులు తీరినవాటిని ముందు స్కాన్ చేయిద్దాం. ఈ ఏడాది క్వార్టర్ ఖాళీ చేయబోయేవాళ్లు జాబితాతో ఆగకుండా పుస్తకాలే మోసుకురండి.