పెట్టె చివరి పని కాదు

బావి మోటారుకు నియంత్రణ సాధనమును ఇంటివద్దనే కూర్చుకొనే మన యువకులు బుద్ధినంతా సర్క్యూట్‌పై వెచ్చించి, పెట్టెను చివరి పనిగా ఎంచుతున్నారు. ఇది పొరపాటు. మహబూబాబాద్ మిరపచేలలో ఆ సాధనము వానకు తడుస్తుంది. భూపాలపల్లి గనుల చెంత బొగ్గుధూళి లోనికి చేరుతుంది. తీగ ఊడి ఇనుప పెట్టెకు తగిలితే, ఎర్త్ లేనిచోట ఆ పెట్టెయే ప్రాణాలు తీస్తుంది. కనుక సర్క్యూట్ గీసేనాడే ఎర్త్ బోల్టుకు, తీగలు దూరే రంధ్రానికి, వేడిని వెలికి పంపే పలకకు చోటు నిర్ణయించాలి. ఈ విద్యకు గురువులు దూరాన లేరు. జనగామ చెంత పెంబర్తిలో, కాకతీయుల కాలమునుండి పేరుగన్న లోహశిల్పులు ఇత్తడి రేకును కొలతకు కోసి మలచుతున్నారు. దేవుని వాహనాలకు తొడుగులు చేసిన ఆ చేతులకు మన పెట్టెలనూ అప్పగిద్దాము. వారికి పని దొరుకుతుంది. రైతుకు ప్రాణభయము తప్పుతుంది.