లాటిన్ గోడను లోపలివాళ్లే పగలగొట్టారు, మరి మన గోడ?

డాక్టరు రాసిచ్చిన మందుల చీటి తీసి చూడండి. గోలీ పేరు పక్కన బి.డి. అనో, టి.డి.ఎస్. అనో గీకి ఉంటది. బి.డి. అంటే రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు. ఇవి ఇంగ్లీషు మాటలు కావు, లాటిన్ మాటలు. పడమటి రోమ్ సామ్రాజ్యం 476లోనే కూలింది. దాని భాష మాత్రం ఇయ్యాల్టికీ సుల్తాన్‌పూర్ కూలితల్లి మింగే గోలీలు లెక్కపెడుతోంది. చదువుకున్న భాషకు అంత బలం!

ఈ బలాన్నే చూపించి పండితులు మనల్ని దబాయిస్తారు. యూరప్‌కు లాటిన్ ఎట్లనో తెలుగుకు సంస్కృతం అట్లనట, కాబట్టి దండం పెట్టాలట! మేం అడుగుతున్నాం: సగం కథ చెప్పి సగం ఎందుకు దాస్తున్నారు?

నిజమే, పోలెండు కోపర్నికస్ 1543లో, ఇంగ్లండు న్యూటన్ 1687లో తమ గొప్ప పుస్తకాలు లాటిన్‌లోనే అచ్చేశారు. దేశదేశాల పండితులు వాటిని చదవగలిగారు. కాని అదే లాటిన్ చదివిన దాంతే తన మహాకావ్యాన్ని బజారు జనం మాట్లాడే ఇటాలియన్‌లో రాశాడు. లూథర్ 1522లో కొత్త నిబంధనను, 1534లో మొత్తం బైబిలును జర్మన్‌లో ఇచ్చాడు. బైబిలును ఇంగ్లీషులోకి తెచ్చిన టిండేల్‌ను 1536లో గొంతు నులిమి చంపి, శవాన్ని తగలబెట్టారు. అక్కడా పేదలకు, ఆడవాళ్లకు చదువు అందలేదు. అయినా గోడ లోపల చదివినవాళ్లే ప్రాణాలొడ్డి గోడ పగలగొట్టారు.

మరి ఇక్కడ? వేదం విన్న శూద్రుని చెవుల్లో కరిగించిన లోహం, లక్క పొయ్యమని గౌతమ ధర్మసూత్రం రాసింది. శూద్రునికే అంత శిక్షయితే ఊరి బయట ఉంచిన మన సంగతేంది? బడిలో అంబేద్కర్ సంస్కృతం కావాలంటే ఇవ్వలేదు, పర్షియన్ చదవమన్నారు. ఆయన తర్వాత సొంతంగా నేర్చుకొని, ఆ గ్రంథాలనే తవ్వి, 1946లో శూద్రులెవరో తేల్చే పుస్తకం రాశారు. మూసిన తలుపును పగలగొట్టడమంటే అదీ!

తెలుగు సంస్కృతానికి పుట్టిన బిడ్డ కాదని 1816లోనే ఎల్లిస్ దొర చూపించాడు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పండితులతో కొట్లాడాడు, సవరల భాష నేర్చుకొని వాళ్ల పిల్లలకు బడి పెట్టాడు. ఆయనకు మా దండం. కాని ఆ కొట్లాట గెలిచినంక పుస్తకాల్లోకి ఎక్కింది ఎవరి వాడుక? కోస్తా పెద్దకులాల వాడుక. మాదిగవాడలో తోలుపనికి, డప్పుకు, పొలానికి ఉన్న వందల మాటలు ‘యాస’ అయ్యాయి. ఒక గోడ పోయి ఇంకో గోడ లేచింది.

ఇయ్యాల మన బెల్టులో లాటిన్ ఏందంటే ఇంగ్లీషు. 2017లో మన సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కుకు పునాదిరాయి వేశారు. కాగితం ఇంగ్లీషు, మిషను మీద రాత ఇంగ్లీషు, డ్రమ్ము మీద హెచ్చరిక ఇంగ్లీషు. ఊడ్చే చెయ్యి మాత్రం మనది. మనకు మాతృభాష మహిమ చెప్పే పెద్దమనుషుల పిల్లలు ఏ కాన్వెంటులో ఉన్నారు? సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా 2022-23లో ఇంగ్లీషు మీడియం పెట్టారు. మంచిదే. బోర్డు మారితే చాలదు, పిల్లల నోట్లోకి చదువు రావాలె.

అన్నలారా, అక్కలారా! ఇంగ్లీషు కావాలా, తెలుగు కావాలా అని అడిగేవాని ఉచ్చులో పడకండి. రెండూ మనవే. నోటీసులు ఇంగ్లీషుతోపాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షనే చెప్పింది. ప్రతి గేటు దగ్గర తెలుగు బోర్డు అడగండి. బీహారు, ఒడిశా అన్నలకు వాళ్ల భాషలో అడగండి. బడికి పోయి, ఇంగ్లీషు చెప్పే పంతులు ఉన్నాడా అని నిలదీయండి. చదువుకున్న మన పిల్లలు వాడకు వచ్చి మందుల చీటి, జీతం కాగితం, డ్రమ్ము మీది రాత చదివి చెప్పాలె. మన వాడ మాటల్లో మన చరిత్ర రాయాలె.

జై భీం!