సమరయుని చట్టం... సంఘానికి సవాలు

యెరూషలేము నుండి యెరికోకు దిగివెళ్లే దారిలో దొంగల చేతికి చిక్కి, కొనప్రాణంతో పడివున్న బాటసారి కథను యేసుప్రభువు చెప్పి దాదాపు రెండువేల ఏళ్లయింది. ఆ కథలోని సమరయుడు ఇప్పుడు మన దేశ చట్టంలోనూ ఉన్నాడు. రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకునేవారిని వేధించరాదన్న కేంద్ర మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చిలో చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. ప్రతిఫలం ఆశించకుండా, సదుద్దేశంతో సాయపడిన వ్యక్తి వల్ల ఏదైనా పొరపాటు జరిగినా అతనిపై కేసులుండవు. పేరు, చిరునామా చెప్పమని అతణ్ణి బలవంతపెట్టరాదని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. చట్టం అతనికి పెట్టిన పేరు ‘గుడ్ సమారిటన్’, అంటే మంచి సమరయుడు.

క్రైస్తవులకు ఇది సంతోషకరమే. కానీ చట్టం భయాన్ని మాత్రమే తీసేయగలదు, నేర్పును ఇవ్వలేదు. పైగా ఈ సెక్షన్ రోడ్డు ప్రమాదాలకే పరిమితం. ఇంట్లోనో, ఆరాధనలోనో గుండె ఆగి కుప్పకూలిన మనిషి దాని పరిధిలోకి రాడు. ప్రమాద బాధితుణ్ణి సకాలంలో ఆస్పత్రికి చేర్చినవారికి 2021లో ప్రకటించిన 5,000 రూపాయల బహుమతిని కేంద్రం 2025లో 25,000కు పెంచింది. సమరయుడు మాత్రం బహుమతి తీసుకోలేదు, తన సొమ్ములోంచే రెండు దేనారములిచ్చాడు. అంతకుముందే గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు. జాలిపడటంతో ఆగలేదు, చేయవలసింది అతనికి తెలుసు.

మనకు తెలుసా? గుండె ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఎందరినో కాపాడింది. కానీ అంబులెన్స్ ఎంత వేగంగా వచ్చినా ఆ తొలి నిమిషాలు పక్కనున్నవారి చేతుల్లోనే ఉంటాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో కుప్పకూలిన వ్యక్తిని ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి బతికించాడు. ఆ మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం చేపట్టింది.

ఇది కష్టమైన విద్య కాదు. పడిపోయిన వ్యక్తి భుజాలు తట్టి గట్టిగా పిలవాలి. పలుకు లేక, శ్వాస కూడా సరిగా లేకపోతే వెంటనే 108కి ఫోన్ చేయించాలి. ఎగశ్వాస తీస్తుంటే బతికే ఉన్నాడని సరిపెట్టుకోకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో అరచేతి మడమ ఉంచి, దానిపై రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 మించకుండా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. శిక్షణ ఉన్నవారు 30 నొక్కులకు రెండుసార్లు నోటితో ఊపిరి ఊదాలి. స్పృహలో ఉండి మాట్లాడుతున్నవారికి మాత్రం సీపీఆర్ చేయకూడదు.

ఏడాదిలోపు పసికందుల విషయం వేరు. వారిలో చాలావరకు ముందు ఊపిరి ఆగి, తరువాత గుండె ఆగుతుంది. కాబట్టి ఊపిరి ఊదడం ముఖ్యం. రెండు చేతులతో ఛాతీని చుట్టిపట్టి, బొటనవేళ్లు రెండింటితో సుమారు 4 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. బిడ్డ నోరు, ముక్కు రెండింటినీ మన నోటితో కప్పి, ఛాతీ లేచేంత మాత్రమే మెల్లగా ఊదాలి. గొంతులో ఏదైనా అడ్డుపడితే బిడ్డను ముంజేతిపై బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపుపై ఐదుసార్లు చరచాలి. అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీపై ఐదుసార్లు నొక్కాలి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలుపెట్టి వెతకకూడదు.

సంఘంలో ఎవరైనా పడిపోతే మనం చుట్టూ మూగి, నోట్లో నీళ్లు పోసి, ప్రార్థన మొదలుపెడతాం. ప్రార్థన చేయవలసిందే. కానీ రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయం చూడండి. షూనేమీయురాలి కుమారుని ముఖంపై గేహజీ ప్రవక్త దండం పెట్టాడు, చలనం లేదు. ఎలీషా వచ్చి తలుపు వేసి ప్రార్థించాడు. ఆపైన బాలుని నోటిపై తన నోరుంచి, వెచ్చదనం వచ్చేలా అతనిపై పరచుకున్నాడు. వెంటనే లేవకపోయినా విడిచిపెట్టక మళ్లీ ప్రయత్నించాడు. బాలుడు కన్నులు తెరిచాడు. అది దేవుడు చేసిన అద్భుతం, సీపీఆర్ కాదు. అయినా ప్రార్థించిన దైవజనుడు చేతులు కట్టుకుని కూర్చోలేదన్నది మనకు పాఠం.

ప్రతి సంఘానికీ మందిరముంది, యవ్వనస్థులున్నారు, స్త్రీల సమాజముంది, చాలాచోట్ల విశ్వాసులైన నర్సులూ ఉన్నారు. ఏడాదికి ఒక్క ఆదివారం మధ్యాహ్నం ఈ శిక్షణకు కేటాయించడం భారం కాదు. ‘నా పొరుగువాడెవడు?’ అన్న ప్రశ్నకు ఆ మధ్యాహ్నం సంఘమిచ్చే జవాబు, ఏదో ఒక ఇంట్లో ఓ తల్లికి బిడ్డను తిరిగి ఇవ్వవచ్చు.