ప్రత్తిచేలలో కలుపు – సంఘములు చేయదగిన సాయము

విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల మెట్టభూములలో ప్రత్తి వేయు రైతుసోదరులు పురుగును గూర్చి చింతించినంతగా కలుపును గూర్చి చింతించుట లేదని మా యభిప్రాయము. 2002వ సంవత్సరమున మన దేశములో బీటీ ప్రత్తికి అనుమతి లభించినది మొదలు విత్తనమును గూర్చిన మాటలన్నియు కాయతొలుచు పురుగు చుట్టునే తిరుగుచున్నవి. ఆ విత్తనము కలుపు నేమియు చేయజాలదు.

ప్రత్తిమొక్క తొలిదినములలో మెల్లగా పెరుగును. విత్తిన రెండు నెలల వరకు సాళ్ల నడుమ నేల ఎండ కెదురుగనే యుండును. ఆ కాలముననే గరిక, తుంగ, గలిజేరు, వయ్యారిభామ విజృంభించి, మనము వేసిన యెరువును ముందుగా తామే భుజించును. మన ప్రాంతమున చిక్కేమనగా, ఆ దినములలోనే వరినాట్లు సాగును. కూలీలు నాట్లకు పోవుదురు. అనేకులు పట్టణములకు వలసపోయియే యుందురు. ఇరువదవ దినమున తీయవలసిన కలుపు నలువదవ దినమున తీయబడును. తీసితిమన్న తృప్తి మిగులును గాని పైరు కోల్పోయినది తిరిగి రాదు.

ఈ యిబ్బందిని చూచి కొందఱు వర్తకులు, గ్లైఫోసేట్ చల్లినను చావని ప్రత్తి యని చెప్పి చాటుగా విత్తనము లమ్ముదురు. అట్టి ప్రత్తికి మన దేశమున అనుమతి లేదు. గ్లైఫోసేట్ వాడకమును సయితము కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో కట్టడి చేసినది. రసీదు లేని విత్తనము మొలవకపోయిన రైతు ఎవరి నడుగగలడు?

మందులన్నియు వలదని మే మనుట లేదు. విత్తిన వెంటనే, నేల తడిగా నున్నప్పుడు పెండిమిథాలిన్ చల్లిన చాల కలుపు మొలవకుండ నిలుచును. తుంగ మాత్రము దానికి లొంగదు. వేసవిదుక్కితో గడ్డలను పైకి తెచ్చి ఎండబెట్టవలెను. ఇంకొకటి. చెరకునకో మొక్కజొన్నకో 2,4-డి చల్లిన పిచికారి యంత్రమును కడుగక ప్రత్తికి వాడరాదు. ఆ మందు లేశమాత్రము సోకినను ప్రత్తియాకులు వ్రేళ్లవలె చీలి ముడుచుకొనును. సంఘము అద్దె కిచ్చు యంత్రములలో కలుపుమందునకు ఒకటి వేఱుగా నుంచుట మేలు.

అన్నిటికంటె చౌకయైనది గుంటక. నిలువుగను అడ్డముగను అచ్చుతోలి, ఆ గీతలు కలిసిన చోట్ల గింజ నాటినయెడల గుంటక రెండువైపుల నడచును. మొదటనున్న కలుపు మాత్రమే చేతితో తీయవలసి యుండును. కూలిఖర్చు బాగుగ తగ్గును. అయినను ఎడ్లు లేని యిండ్లే నేడు హెచ్చు. సంఘము రెండు గుంటకలు కొని, ఎడ్లు గల సభ్యునితో ఏర్పాటు చేసి వంతులవారీగ నడపింపరాదా?

అప్పు మాటయు నిట్టిదే. విత్తనమునకు, ఎరువునకు అప్పడుగు రైతు కలుపుకూలికి అడుగుటకు సంకోచించును. తుదకు వడ్డీవ్యాపారి నాశ్రయించును. పంటఋణములో కొంతభాగమును ప్రత్యేకించి, విత్తిన మూడవ వారమున రొక్కముగ నిచ్చుట న్యాయమని మేము తలంచుచున్నాము.

పొందూరులో సన్ననూలు వడకు స్త్రీలు వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి నలుసు లేకుండ చేయుట లోకప్రసిద్ధము. సంతలోని వర్తకునకు అంత యోపిక లేదు. ఎండిన కలుపాకు దూదికి అంటుకొన్న, ధర తగ్గించుటయే ఆతడెఱిగిన పని. కావున మూడవ వారపు ఋణము, గుంటకల కొనుగోలు అను నీ రెండు విషయములను విత్తనములు కొనుటకు ముందే సర్వసభ్య సమావేశమున చర్చకు దెచ్చి తీర్మానింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.