సిలిండరు ఒక్కటే చాలునా?

అత్యవసరమున ఇండ్లకు పంపుటకై మరియొక ఆక్సిజన్ సిలిండరు కొనవలెనని మన సంఘమువారు తలపెట్టియున్నారు. ఉద్దేశము మిక్కిలి మంచిది. 2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గి పదునొకండుగురు మరణించిరన్న వార్త మనకెంత కలత కలిగించినదో చెప్పనక్కరలేదు. మన బంధువర్గము సగము చిత్తూరు, తిరుపతులలోనే యున్నది గదా. అయినను ఆ సొమ్ములో కొంత మాస్కులకును, వానిని వాడు తీరు నేర్పుటకును వినియోగింపవలెనని నా అభిప్రాయము.

నేను వర్తకుడను, వైద్యుడను గాను. అంగడిలో తూచిన సరకంతయు ఇల్లు చేరినదో లేదో చూచుకొనుట మా యలవాటు. ఆక్సిజన్ విషయమున ఆ జాగ్రత్త ఎవరికిని లేదు. మీటరు పది చూపినంతనే రోగి పీల్చునదంతయు ఆక్సిజనే యని తలంతుము. కాని ఆయాసపడు మనిషి గాలిని లోనికి లాగు వేగము నిమిషమునకు 30 లీటర్లకు మించియుండును. కొరతపడినది మాస్కు సందులనుండి గదిగాలియే వచ్చి కలియును. గదిగాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్లే. అందుచేత ముక్కుగొట్టములతో 2 లీటర్లు విడిచిన సుమారు 28 పాళ్లు చేరును. సాదా మాస్కుతో 5 మొదలు 10 లీటర్లు విడిచిన దాదాపు 35 మొదలు 55 పాళ్లు. సంచి గల మాస్కుకు 10 మొదలు 15 లీటర్లు విడిచి, ముఖమునకు బిగువుగా అమర్చినచో 60కి పైబడి దక్కును. ఆ సంచిని ముందుగానే నింపుకొనవలెను.

ఇక నా తప్పు చెప్పెదను. మా పెదనాన్నగారికి ఇంటిలో సాదా మాస్కు పెట్టిన రాత్రి, సిలిండరు తెల్లవారుదాక రావలెనని నేనే మీటరును 2 లీటర్లకు దించితిని. చిన్న సిలిండరులో పట్టునది 1500 లీటర్లు. 10 చొప్పున రెండున్నర గంటలు, 2 చొప్పున పండ్రెండున్నర గంటలు. లెక్క సరియే, పని తప్పు. 5 లీటర్లకు తగ్గినచో విడిచిన ఊపిరి సాదా మాస్కులోనే నిలిచి, ఆ బొగ్గుపులుసు వాయువునే రోగి మరల పీల్చును. ఆయన మగతగా పడియుండగా నిద్రపట్టినదని సంతసించితిమి! తెల్లవారి వచ్చిన నర్సమ్మ మాస్కు తీసి, అదే 2 లీటర్లకు ముక్కుగొట్టములు పెట్టి, మమ్ము గట్టిగా మందలించినది. ఆయన బ్రతికిరి.

బీడీలు, చుట్టలు కాల్చి ఊపిరితిత్తులు చెడిన వృద్ధులకు ఆక్సిజన్ అధికమైనను చేటే. వ్రేలికి తగిలించు యంత్రము 88 మొదలు 92 వరకు చూపిన వారికి చాలునని వైద్యులందురు. అట్టివారికై 1960లో లండనులో కాంప్‌బెల్ అను వైద్యుడు వెంచురీ మాస్కును ప్రకటించెను. దాని రంగుమూతిపై 24, 28 అని వ్రాసియుండును. గదిగాలిని ఆ లెక్క చొప్పుననే కలుపును. ఏది ఎవరికో, ఎన్ని లీటర్లో డాక్టరే చెప్పవలెను, మనము మార్చరాదు.

ఈ సంగతులు కాగితముపై నచ్చువేయించి సిలిండరుకు కట్టవలెను. తెలుగు లిపిలో వేసిన మన పిల్లలలో పెక్కుమంది చదువలేరు, చెప్పుటకు సిగ్గుగానున్నది. కనుక తెలుగు మాటలనే తమిళ లిపిలోను వేయింతము. మనుమడు చదివిన అవ్వకు అర్థమగును. రాయవేలూరు ఆసుపత్రులలో పనిచేయు మన ఆడబిడ్డలలో ఒకరిని వచ్చు సమావేశమునకు పిలిచి, మాస్కులు చేతికిచ్చి చూపింపుమని కార్యవర్గమును కోరుచున్నాను. వారి రాకపోకల ఖర్చు నేను పెట్టుకొందును.