సెకండ్ లైన్‌కు దారి వదలండి

న్యూ ఆర్లీన్స్‌లో ఆగస్టు చివర మొదలుకొని జూన్ దాకా దాదాపు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఏదో ఒక నల్లజాతి పేట నుంచి ఊరేగింపు బయల్దేరుతుంది. ముందు ఆ ఊరేగింపు జరిపే క్లబ్బు సభ్యులు, ఒకే రంగు సూట్లు, చేతుల్లో ఈకల విసనకర్రలు. వాళ్లనంటి బ్రాస్ బ్యాండు. ఆ వెనక పేటంతా. పిలుపులుండవు, టికెట్లుండవు. వెనక చేరి ఆడుతూ నడిచే జనాన్ని సెకండ్ లైన్ అంటారు, ఇప్పుడు ఊరేగింపు మొత్తానికీ అదే పేరు. దీన్ని పర్యాటకుల వినోదంగానో ట్రాఫిక్ గొడవగానో చూసేవాళ్లతో నాకు పేచీ ఉంది.

నేను ఈ ఊళ్లో ఫిజియోథెరపిస్టును. మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లను నడిపించడం నా పని. మొదటి రోజే, తిరిగి ఏం చేయగలగాలని ఉందో అడుగుతాను. మెట్లెక్కాలంటారు, మనవణ్ణి ఎత్తుకోవాలంటారు. లోయర్ నైన్త్ వార్డ్‌లో పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ మాత్రం "బేబీ, నేను సెకండ్ లైన్‌లో ఆడాలి" అంది. కత్రినా తుఫాను వరదలో ఆవిడ ఇల్లు పోయింది. హ్యూస్టన్‌లో తలదాచుకుంటే అక్కడే భర్త పోయాడు, బ్యాండు లేకుండానే పూడ్చాల్సి వచ్చింది. అప్పుడు ఏడుపు కూడా రాలేదట. తిరిగొచ్చాక ఒక ఆదివారం బ్యాండు వెనక నడుస్తుంటే వచ్చిందట, ఏడుస్తూనే ఆడిందట. పక్కన ఎవరో తెలియనావిడ చెయ్యి పట్టుకుని వదల్లేదట. మోకాలు 110 డిగ్రీలు వంగితే రోజువారీ పనులకు సరిపోతుందని చెప్పాను. సెకండ్ లైన్‌లో ఎగిరి ఆడే బక్‌జంపింగ్‌కు చాలదని వాదించి, ఇంకా వంచమని నా చేత వ్యాయామాలు చేయించుకుంది.

ఈ క్లబ్బుల మూలాలు 19వ శతాబ్దపు సహాయ సంఘాల్లో ఉన్నాయి. చందాలు పోగేసి, జబ్బు చేసిన సభ్యుడికి డాక్టరును, చనిపోయినవాడికి శవపేటికను, బ్యాండును ఆ సంఘాలే చూసేవి. యంగ్ మెన్ ఒలింపియన్ అనే క్లబ్బు 1884 నాటిది. సభ్యుడు పోతే శ్మశానం దాకా బ్యాండు నెమ్మదిగా, గుండె పిండేలా వాయిస్తుంది. సాగనంపడం అయ్యాకే జోరందుకుంటుంది. దుఃఖాన్ని దాటేసి ఆడించదు, దాని గుండానే తీసుకెళ్తుంది. సంతోషం కోలుకున్నాక దొరికే బహుమానమని చాలామంది అనుకుంటారు. ఇక్కడ కోలుకునేదే దానితో.

మనసు బాగాలేకపోతే డాక్టరున్నాడు కదా అంటారు. వెళ్లాల్సిందే. కానీ 1851లో ఇదే ఊరి వైద్య పత్రికలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, బానిస పారిపోవడం ఒక మానసిక రోగమని రాసి దానికో పేరు కూడా పెట్టాడు. అంత చరిత్ర వెనకున్న చోట నమ్మకం ఊరికే రాదు. పైగా పేదలకు దిక్కైన ఛారిటీ ఆస్పత్రిని 2005లో కత్రినా తర్వాత మళ్లీ తెరవనే లేదు. బ్యాండు మందులకు బదులు కాదు. కానీ మందులిచ్చే చోటు మూసేసిన ఊళ్లో బ్యాండుకు కూడా బిల్లు వేస్తే ఎలా? 2006లో ఊరేగింపుల దగ్గర కాల్పులు జరిగాయని పోలీసులు బందోబస్తు పేరిట అనుమతి రుసుము అమాంతం పెంచేశారు. క్లబ్బులు ఫెడరల్ కోర్టుకెక్కి 2007లో తగ్గించుకున్నాయి. బందోబస్తు ఖర్చు పూర్తిగా ప్రజాధనం నుంచే రావాలి. చెత్త ఎత్తడానికీ దీపాలకూ లెక్కలు చూపమని పేటల్ని అడగం కదా.

చోటు సంగతి ఇంకా ఘోరం. క్లెయిబోర్న్ అవెన్యూ మధ్య పెద్ద పెద్ద ఓక్ చెట్ల నీడ ఉండేది. నల్లవాళ్ల మార్డీ గ్రా అక్కడే, పిల్లల ఆటలు అక్కడే, ఇరువైపులా వాళ్ల దుకాణాలు. 1966లో ఆ చెట్లు కొట్టేసి ఇంటర్‌స్టేట్ 10 హైవే వంతెన లేపారు. జనం ఆ చోటు వదల్లేదు. స్తంభాల మీద ఓక్ చెట్లు గీసుకున్నారు. బ్యాండు వంతెన కిందకు రాగానే ట్రంపెట్ మోత కాంక్రీటుకు తగిలి రెట్టింపవుతుంది, జనం అక్కడే ఆగి గట్టిగా ఆడతారు. ఆ సందడి చూసి వంతెన మంచిదేనంటే నేనొప్పుకోను.

ఇందులో మన తెలుగువాళ్ల పాత్ర కూడా ఉంది. 1965కు ముందు భారతీయులకు అమెరికా వలస కోటా ఏడాదికి 100. నల్లవాళ్లు పౌరహక్కుల కోసం దెబ్బలు తిని మార్చిన వాతావరణంలోనే ఆ ఏడాది వలస చట్టం మారింది, మనకు దారి పడింది. అయినా కొత్తగా వచ్చిన పిల్లలకు మనం మొదట నేర్పేది 'అది నల్లోళ్ల ఏరియా, అటు పోకు' అని. ఆ మాటకు నాకు సిగ్గేస్తుంది.

ఈ ఊరికి చదువుకో ఉద్యోగానికో వచ్చిన పిల్లలూ, ఒక ఆదివారం వెళ్లండి. సౌకర్యంగా ఉండే బూట్లు వేసుకోండి, నాలుగు గంటల నడక. ఫోను జనం మొహాల మీద పెట్టకండి. నీళ్లూ, యాకమీన్ అనే నూడుల్స్ సూపూ ఊరేగింపు వెంట నడిచే ఆ పేటవాళ్ల దగ్గరే కొనండి, ఆదివారం వాళ్లకు నాలుగు డబ్బులొచ్చేది దానిమీదే.